మూడు కళ్ళ వంతెన కింద ఒంటి గొంతు

కొండ మీద నిలబడి, కింద నడిచే ప్రతి పాదాన్నీ చూసే స్వామికి ముందుగా నమస్కారం. పిలవకముందే వినేవాడికి, పిలిచాక ఆలస్యం చేసినట్టు కనిపించేవాడికి, ఆ ఆలస్యంలో కూడా మన చెయ్యి వదలనివాడికి నమస్కారం. నీటికి పల్లం చూపినవాడూ ఆయనే, ఆ నీటిని దాటే ఉపాయం మనిషికి చెప్పినవాడూ ఆయనే. తాను కన్నెర్ర చేస్తే ఇంకిపోయే సముద్రం మీద, కోతుల చేత రాళ్ళు మోయించి వారధి కట్టించుకున్నాడు తండ్రి. తన పనిలో మనకూ కాస్త చోటివ్వాలన్న ఆ దయకు వెయ్యి నమస్కారాలు. ఆయన పేరు తలచుకోకుండా ఈ వంతెన సంగతి మొదలుపెట్టడానికి నాకు నోరు రాదు. ఎందుకంటే ఈ వంతెనను కట్టిందే ఆ పేరుతో.

పాకాల నుంచి చిత్తూరు వైపు పోయే రైల్లో కిటికీ పక్కనే కూర్చున్నా మీరు దాన్ని చూసి ఉండరు. రైలు దాని మీద ఉండేది రెండు మూడు క్షణాలు. చక్రాల చప్పుడు కాస్త బోలుగా మారి మళ్ళీ మామూలయ్యేది. అంతే. కింద వంక. ఏడాదిలో ఎక్కువ భాగం ఇసుకే. వానలు పడితే నాలుగు రోజులు ఎర్రనీళ్ళు. ఆ వంక మీద మూడు రాతి కమానులు ఉండేవి. మా వైపు కమానును కన్ను అంటారు. అందుకే అది మూడు కళ్ళ వంతెన. మా ఊరి నుంచి మామిడి తోటల గట్టు మీదుగా నడిస్తే పావుగంట.

దాని చరిత్ర నాకు తెలిసినంతలో మా తాత చెప్పిందే. ఆయనకు వాళ్ళ నాయన చెప్పాడు. కచేరీ కాగితాల్లో ఏం రాసి ఉందో నేను చూడలేదు. దొరల పేర్లు, కొలతలు ఉంటాయేమో. మోకులు లాగినవాళ్ళ పేర్లు మాత్రం ఉండవు.

పునాది కోసం వంకలో ఇసుక తీస్తుంటే నీళ్ళు ఊరేవట. ఏతాలు పెట్టి ఆ నీళ్ళు తోడుతూ, కింద బండ తగిలేదాకా పోయారు. మేస్త్రీలు అరవదేశం నుంచి వచ్చారు. సున్నాన్ని ఎద్దుల గానుగలో వేసి, కరక్కాయ నానబెట్టిన నీళ్ళు, బెల్లం నీళ్ళు పోసి రోజుల తరబడి నూరించేవారు. మా ముత్తవ్వ ఆ గానుగ దగ్గర నీళ్ళు పోసేది. బెల్లం వాసనకు పిల్లలు చాటుగా వేలు ముంచి నాకి, కరక్కాయ వగరుకు ఉమ్మేసేవాళ్ళట. సున్నానికి చీమలు పడితే మేస్త్రీ సంతోషించేవాడట. చీమ పట్టిన సున్నం మనిషి మాట కంటే గట్టిగా నిలుస్తుందని ఆయన నమ్మకం.

రాళ్ళు తూర్పు గుట్ట నుంచి వచ్చేవి. ఇనుప చీలలు కొట్టి బండను చీల్చి, అక్కడే చెక్కి, బండ్ల మీద వంక దాకా తెచ్చేవారు. కమాను వంపు కోసం ముందు తాటి దూలాలతో, పలకలతో కింద ఒక చట్రం కట్టుకున్నారు. దాని మీద రెండు పక్కల నుంచీ రాళ్ళు పేర్చుకుంటూ వచ్చి, చివరికి నడిమి రాయి దిగ్గొట్టారు. ఆ రాయి పడ్డాక కింద చట్రం విప్పేయవచ్చు. అప్పటి నుంచి రాళ్ళే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి.

"ఏ రాయీ ఒంటిగా నిలబడేది కాదురా అబ్బోడా. పక్క రాయి నెట్టతా ఉండాదే, ఆ నెట్టుడుకే నిలబడేది," అని తాత రెండు అరచేతులూ ఆనించి చూపించేవాడు.

ఇక రాయిని పైకి చేర్చే పద్ధతి. కమాను పక్కన ఏటవాలుగా మట్టికట్ట పోశారు. తాటి మొద్దులు పరిచి, వాటి మీద రాయిని పెట్టి, మోకులు కట్టి లాగేవారు. అందరికీ ఎదురుగా ఒకడు నిలబడేవాడు. అతను "గోవిందా" అని సాగదీసి పిలుస్తాడు. మోకు పట్టినవాళ్ళంతా ఒక్కసారిగా "గోవింద" అని బదులు పలుకుతారు. పిలుపు విని ఊపిరి బిగబట్టాలి, బదులు పలుకుతూ లాగాలి. ముప్పై చేతులు ఒక్క చెయ్యి కావాలంటే ఇంకో దారి లేదు. ఆ పిలిచేవాడు మా ముత్తాత. ఆయన తమ్ముడు వెనక ఉండి, రాయి జారకుండా చెక్కదిమ్మలు పెడుతూ వచ్చేవాడు.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం నడిమి కంటికి రాయి లాగుతున్నారు. ముత్తాత పిలిచాడు. గొంతులెండి ఎవరూ పలకలేదు. మళ్ళీ పిలిచాడు. సగం మంది గొణిగారు. పైనుంచి మేస్త్రీ తిడుతున్నాడు. ముత్తాతకు ఓపిక పోయింది. పిలుపూ తనే పిలిచి, బదులూ తనే పలికేశాడు. దాన్ని బదులనుకున్నవాళ్ళు లాగారు. తోటివాళ్ళ బదులు కోసం కాచుకున్నవాళ్ళు లాగలేదు. మోకు ఒక పక్కకు ఈడ్చింది, రాయి అడ్డం తిరిగి జారింది. వెనక దిమ్మ పెడుతున్న తమ్ముడు దాని కింద పడ్డాడు. మూడో రోజు ప్రాణం పోయింది.

ప్రాణం తీసిన ఆ రాయి కట్టడంలో వద్దన్నాడట మేస్త్రీ. ముత్తాత ఆయన కాళ్ళు పట్టుకున్నాడు. నా తమ్ముడు మోసిన రాయి, దాన్ని వంకలో పారేస్తే వాడు ఊరికే చచ్చినట్టు అన్నాడు. చివరికి దాన్ని నడిమి కంటి లోపల, మనిషి ఛాతీ ఎత్తున గోడలో పెట్టారు. దీపానికి చిన్న గూడు చెక్కించారు. పని పూర్తయి రైలు నడిచిన ఏడాది, అరవ లెక్కలో స్వామి నెల అయిన పెరటాసిలో మూడో శనివారం, మోకులు లాగినవాళ్ళంతా ఆ గూడు ముందు కూర్చుని గోవింద నామం పలికారు. అదే మా ఊరి భజన గోష్ఠి. మిగిలిన రోజుల్లో ఊరి భజనమందిరంలో కూర్చున్నా, ఆ ఒక్క శనివారం వంతెన కిందే.

ఆ గోష్ఠికి రెండు నియమాలు. ఒక్క నోటితో పిలుపూ బదులూ రెండూ పలకకూడదు. విన్నాకే బదులు పలకాలి, వినకుండా పలికితే అది అబద్ధం. మిగతా ఊళ్ళవాళ్ళకు ఇది వింతగా ఉంటుంది. ఇంట్లో పూజగదిలో ఒక్కడే కూర్చుని ఎంతమంది గోవింద నామం చెప్పుకోవడం లేదు! కానీ మా వాళ్ళు ఆ వంతెన కింద మాత్రం ఒంటిగా ఎన్నడూ పలకలేదు.

నేను చదువుకునే వయసులో మా నాయన నన్ను తిరుచానూరులో ఒక పెద్దాయన దగ్గర పెట్టాడు. నాలుగేళ్ళు ఆయన దగ్గర స్తోత్రాలూ పురాణమూ నేర్చుకున్నాను. వేయి నామాలు అక్కడే కంఠస్థమయ్యాయి. ఒకరోజు ధైర్యం చేసి, మా వంతెన నియమం శాస్త్రంలో ఉందా అని అడిగాను. ఆయన ఏరుతున్న తులసి దళాలు పళ్ళెంలో పెట్టాడు. "శాస్త్రంలో లేదు నాయనా. ఒక్కడు పిలిచినా ఆయన వింటాడు. కానీ మీ వాళ్ళది నియమం కాదు, ప్రాయశ్చిత్తం. అది చేసుకునేవాణ్ణి శాస్త్రం ఆపదు," అన్నాడు. ఆ మాట ఎంత బరువో అప్పుడు నాకు తెలియలేదు.

మా నాయన రైల్వేలో కీమాన్. రోజూ పొద్దున్నే పొడుగు సుత్తి భుజాన వేసుకుని, పట్టాలను పట్టి ఉంచే కీలు వదులయ్యాయేమో కొట్టి చూస్తూ నడిచేవాడు. ఆయన నడిచే దారిలోనే మూడు కళ్ళ వంతెన. రాళ్ళ సందుల్లో రావి మొలకలు వచ్చేవి. వాటిని వదిలేస్తే వేళ్ళు గోడను చీలుస్తాయి. కానీ రావిని పెరకడానికి ఆయనకు చెయ్యి వచ్చేది కాదు. "తప్పు కాయి సామీ, రైలు పోవాల" అని చెంపలు వేసుకుని, మొలకను వేళ్ళతో సహా తీసి, కట్ట కింద దూరంగా నాటేవాడు. నేను బడికి పోయే వయసుకు ఆ గట్టు వెంబడి చిన్న రావివనమే లేచింది. చిన్న లైను తీసి పెద్ద లైను వేసినప్పుడు కూడా వంతెనను మార్చలేదు. పైన కాంక్రీటు వేసి వదిలేశారు. రాయి గట్టిగా ఉందన్నారట. నాయన ఆ రోజు ఇంటికి వచ్చి పాయసం వండించాడు.

నా చిన్నప్పుడు గోష్ఠిలో నలభై మంది ఉండేవారు. నాయన ముందు పలికేవాడు. అందరూ బదులు పలికాక, కమాను లోపల ఇంకో బదులు వచ్చేది, సన్నగా, ఒక క్షణం ఆలస్యంగా.

"నాయనా, మనోళ్ళు అయిపోయినాక ఇంకెవరో పలకతా ఉండారు."

"మన గొంతేరా అది. గోడకు కొట్టి వస్తాది."

నేను నమ్మలేదు. అది రాయి కింద పడిన చిన్న ముత్తాత అనుకున్నాను. చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను. బి.ఎడ్. చదివి, ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పే ఉద్యోగంలో చేరాక కూడా, నిజం చెప్పొద్దూ, లోపల ఎక్కడో అలాగే ఉండింది.

నలభై మంది ఎలా తగ్గారో ఒక వరసలో చెప్పలేను. బోర్లు ఎండాయి. కొందరు చిత్తూరు, కొందరు తిరుపతి చేరారు. ఊళ్ళో మిగిలినవాళ్ళు పెరటాసి శనివారం నేరుగా బస్సెక్కి కొండకే పోసాగారు. "సామి దగ్గిరికే పోతా ఉంటే, వంతెన కింద ఏముండాది అయివోరా?" అని అడిగారు. నాయన పోయాక ముందు పలికే వంతు నాది. చివరికి మిగిలింది ముగ్గురం. నేను, ఒక వడ్రంగి, మృదంగం వాయించే నా స్నేహితుడు. వడ్రంగి కాలం చేశాడు. స్నేహితుడిది మగ్గం పని చేసే కుటుంబం. కళ్ళు మందగించాక మగ్గం అమ్మేసి నగరిలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆ ఏడు నేను దిగులుగా కూర్చుంటే నా భార్య అంది, "నేను వస్తా పద."

ఆడవాళ్ళు ఆ గోష్ఠిలో ఎప్పుడూ కూర్చోలేదు. మోకులు లాగింది మగవాళ్ళు కదా అన్నాను.

"సున్నానికి నీళ్ళు పోసింది ఎవురు? మీ ముత్తవ్వ గదా. ఆ సున్నం లేకుండానే నిలబడినాయా మీ రాళ్ళు?"

నేను పిల్లలకు ఎన్ని పాఠాలు చెప్పానో! ఈ ఒక్క పాఠం ఆమె నాకు చెప్పింది. అప్పటి నుంచి ఏడేళ్ళు ఆమే నా గోష్ఠి. బెల్లం కలిపిన బియ్యప్పిండితో దీపం చేసి తెచ్చేది. ఆమె గొంతు చిన్నది. బదులు ఎప్పుడూ కాస్త ఆలస్యంగా పలికేది.

"ఏమ్మే, నిద్రపోతా ఉండావా?" అని నేను ఎగతాళి చేస్తే, "వినద్దా? విన్నాకనే గదా పలకమంటిరి," అనేది. ఆమె బదులూ, గోడ బదులూ దాదాపు ఒకేసారి వచ్చేవి. రెండూ కలిసి ఒక్క గొంతులాగా ఉండేవి.

నిరుడు మాఘమాసంలో ఆమె స్వామి దగ్గరికి వెళ్ళిపోయింది. జ్వరమన్నారు, తర్వాత ఇంకేదో అన్నారు. మాకు పిల్లలు లేరు. ఇంట్లో గోడ గడియారం చప్పుడు అంత పెద్దదని నాకు అప్పుడే తెలిసింది.

పెరటాసి వచ్చింది. మూడో శనివారం నేను ఒక్కడినే వంతెన కిందికి పోయాను. దీపం పెట్టాను. పిలవకూడదని తెలుసు. అయినా పిలిచాను. గోడ బదులు వచ్చింది, కానీ అందులో ఆమె గొంతు లేదు. ఆ వెలితి తట్టుకోలేక, గొంతు తగ్గించి, ఆమెలాగా కాస్త ఆలస్యంగా, బదులు కూడా నేనే పలికాను.

అంతే. ఏ రాయీ పడలేదు. ఎవరికీ ఏమీ కాలేదు. ఇంటికి వచ్చి అన్నం తిన్నాను. కానీ ముత్తాత చేసిన తప్పే, ఆ చోటనే, ఆయన ముని మనవడు చేశాడు. ఆయన ఓపిక లేక చేశాడు, నేను ఒంటరితనం ఓర్వలేక చేశాను. స్వామి క్షమిస్తాడని చదువు చెబుతుంది. ఆయన క్షమించేవాడని పురాణం చెప్పేటప్పుడు నేనే వందసార్లు వేదిక మీద చెప్పాను. అయినా మూడు తరాల వాళ్ళు కాపాడిన మాటను నేను విరిచాను. ఎవరికీ చెప్పలేదు. వచ్చే ఏడు ఎవరినైనా పిలుచుకుపోయి, నిజమైన బదులు ఒక్కటి విని సరిచేసుకుందామనుకున్నాను.

వచ్చే ఏడు అంటే ఈ ఏడే. వానలకు ముందే తెలిసింది, రెండో లైను వస్తోంది, మూడు కళ్ళ వంతెన తీసేస్తున్నారు అని. వంక గట్టున, లోపల నీళ్ళు పోయేలా బోలుగా ఉండే పెద్ద పెద్ద కాంక్రీటు పెట్టెలు పోసి ఆరబెట్టారు. పని చూసే ఇంజినీరు గోదావరి వైపు నుంచి వచ్చిన కుర్రాడు, మర్యాదస్తుడు. పాత వంతెన తీసి పెట్టెలు కూర్చోబెట్టడానికి ఎన్నాళ్ళు పడుతుందని అడిగాను.

"నాళ్ళేంటండి మాస్టారూ! పొద్దున్న రైళ్ళు ఆపితే, సాయంత్రం బండికి లైను ఇచ్చేస్తామండి."

రెండు ఎండాకాలాలు కట్టారని తాత చెప్పిన వంతెన! నేను నడిమి కంటిలోని రాయి సంగతి చెప్పాను. దాన్ని ఉంచగలరా అన్నాను.

"దాన్ని మీ ఇంటికి పంపిస్తే మీ ఇల్లే కూలిపోద్దండి," అని నవ్వి, నా ముఖం చూసి ఆపేశాడు. "గట్టు మీద పక్కన పెట్టిస్తానండి. అంతవరకూ మాటిస్తాను."

తీసే రోజు పెరటాసి మూడో శనివారం తర్వాత వారం అని చెప్పాడు. ఒక్క శనివారం మిగిలింది. ఒక్క గొంతు కావాలి.

ఊళ్ళో నలుగురిని అడిగాను. ఆ రోజు వాళ్ళకు కొండ మీద దర్శనం ఉంది. తిరుపతిలో ఉండే వడ్రంగి కొడుక్కి ఫోను చేశాను. "అయివోరా, మీరు వీడియో తీసి గ్రూపులో పెట్టండి. అందరం కింద గోవిందా అని టైపు చేస్తాం," అన్నాడు. వెటకారం కాదు, ప్రేమగానే అన్నాడు. అదే బాధ.

చివరికి నగరికి ఫోను చేశాను.

"వంతెన తీసేస్తా ఉండారంట. శనివారం రాగలవా?"

"యోవ్, ఈ మాట అడగాల్నా? పొద్దన మొదటి బస్సుకే ఎక్కుతా. నా మృదంగం ఎలకలు కొట్టేసినాయి గానీ, గొంతు కొట్టలా," అన్నాడు స్నేహితుడు.

ఆ వారమంతా ఇల్లు ఊడ్చుకున్నాను. శుక్రవారం రాత్రి ఇద్దరికి సరిపడా బియ్యం నానబెట్టాను. ఇద్దరికి ఎంత వండాలో మరిచిపోయి కొలత తప్పింది.

శనివారం పొద్దున ఫోను మోగింది. స్నేహితుడి మాట గుసగుసగా ఉంది.

"అప్పా, మా యమ్మి నా సెప్పులు దాసిపెట్టింది. నిన్న బాత్రూములో కాలు జారినా లే. ఏమీ కాలా, రవంత వాపు. బస్సెక్కితే మళ్ళా పడతానని మా అల్లుడు వాకిట్లో కుర్చీ ఏసుకోని కూసున్నాడు, పోలీసోని మాదిరి."

నానబెట్టిన బియ్యం గిన్నె మీద మూత పెట్టాను.

"ఏం మాట్లాడవే? ఫోన్లో పలకతా లేప్పా. నువ్వు వంతెన కింద నుంచి పిలువు, నేను ఈడ నుంచి అంటా. విన్నాకనే గదా అనేది? ఫోన్లో వినేది వినేది కాదా ఏంది?"

ఆ తెలివికి నాకు నవ్వు వచ్చింది. నిజమే, నియమంలో దూరం ఎంత అని లేదు.

స్నానం చేసి, నామం పెట్టుకుని, పిండి దీపం చేశాను. నా చేతి దీపం ఎప్పుడూ పగులుతుంది. తడి ఎక్కువో బెల్లం తక్కువో, ఆమెను అడగలేదు. పగులును వేలితో అద్ది, నెయ్యి పోసి, మామిడి తోటల గట్టు మీద నడిచి వెళ్ళాను. ఇంజినీరు ఎదురొచ్చాడు.

"మాస్టారూ, హెల్మెట్ లేకుండా లోపలికి పంపకూడదండి." పసుపు టోపీ ఒకటి తెచ్చి నా తల మీద పెట్టాడు. నామం సగం దాని కింద దాగింది. "ఎవరూ రాలేదాండీ? పోనీ నేను పలుకుతానండి. ఏం అనాలో చెప్పండి."

అతని చెయ్యి పట్టుకుని చెప్పాను. ఇద్దరం నడిమి కంటి కిందికి వచ్చాం. గూట్లో దీపం పెట్టి వెలిగించాను. అతను చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అప్పుడే గట్టు మీద నుంచి కేక వచ్చింది, క్రేను వచ్చింది, దారిలో దిగబడింది అని. అతను నన్ను చూశాడు, గట్టును చూశాడు.

"ఐదు నిమిషాల్లో వచ్చేస్తానండి. పోనీ, మీకోసం మిషన్లు ఆపిస్తాను," అంటూ పరుగెత్తాడు.

నిజంగానే ఆపించాడు. ఎన్నో వారాల తర్వాత ఆ వంకలో నిశ్శబ్దం వచ్చింది. కమాను కింద చల్లగా, పాత సున్నపు వాసన. ఫోను తీశాను. సిగ్నల్ లేదు. అన్ని రాళ్ళ కింద ఎక్కడ ఉంటుంది? కంటి అంచుకు వచ్చి చెయ్యి బయటికి చాపితే ఒక్క గీత కనిపించింది. స్నేహితుడు మొదటి మోతకే ఎత్తాడు. "పిలువు, పిలువు, బిన్నా," అని తొందరపెట్టాడు. నేను అక్కడే నిలబడి, ఒక చెయ్యి ఫోనుతో ఎండలో, మనిషిని నీడలో, కళ్ళు మూసుకుని పిలిచాను.

"గోవిందా..."

గోడ నుంచి తిరిగి వచ్చింది. ముసలి గొంతు, చివర కాస్త వణుకు. చిన్న ముత్తాత కాదు, ఆమె కాదు, నాది. నాయన చెప్పింది డెబ్బై ఏళ్ళకు దగ్గరపడ్డాక అర్థమైంది.

ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాను. మాట లేదు. చూస్తే లైను తెగిపోయింది.

బదులు పలికే మాట నా పెదవుల దాకా వచ్చింది. ఎవరూ లేరు. ఎవరూ వినరు. నిరుడు ఇదే చోట ఎంత సులువుగా వచ్చిందో! పళ్ళు బిగబట్టి నిలబడ్డాను. స్వామీ, ఈసారి నా నోరు నువ్వే పట్టుకో అని లోపల అనుకున్నాను. పైన రైలు వచ్చింది. రాళ్ళు ఒకదాన్నొకటి నొక్కుకుంటూ ఆ బరువంతా మోశాయి. గూట్లో దీపం ఊగి నిలిచింది. రైలు పోయింది. కాచుకున్నాను. నెయ్యి పగులులో నుంచి కారి రాయి మీద సన్నని గీతగా దిగింది. మిషన్లు మళ్ళీ మోగాయి.

ఇంజినీరు చెమటలు కక్కుతూ తిరిగి వచ్చాడు. "అయిందాండీ మాస్టారూ?"

"సగం అయింది," అన్నాను.

ఇప్పుడు పలకమంటే అతను పలికేవాడే. కానీ అతను నా పిలుపు వినలేదు. మళ్ళీ పిలుద్దామంటే పైన ఆ మోతలో నా మాట నాకే వినిపించలేదు. టోపీ తిరిగి ఇచ్చేసి వచ్చాను.

సాయంత్రం స్నేహితుడు ఫోను చేశాడు. "ఏమప్పా, యాడ పోయినావు? నాకు బుయ్యిమని గాలే వినపడింది."

"పిలిచినా. లైను తెగింది."

"నేను పలకలా. వినకుండా ఎట్ల పలికేది? ఆశగా నోరు తెరసకోని కూసున్నా, మా అల్లుడు ఏమైందో అని నీళ్ళు తెచ్చినాడు."

నవ్వి, నవ్వులోనే నిరుటి సంగతి చెప్పేశాను. పిలుపూ బదులూ రెండూ నేనే పలికానని.

"పంతులువి గదా. పరచ్చ రాసిందీ నువ్వే, మార్కులేసిందీ నువ్వే," అన్నాడు. తర్వాత గొంతు మారింది. "ఈ తూరి?"

"నోరు మూసుకున్నా."

"మూసుకున్నావా. మూసుకున్నావు గదా. అయితే నీ పిలుపు ఆడనే ఉండాది లేప్పా. యాడికీ పోలేదు."

తర్వాతి వారం వంతెన తీశారు. దూరంగా రావిచెట్ల కింద నిలబడి చూశాను. నడిమి కంటిలోని రాయిని క్రేను ఎత్తింది. ఎవరూ ఎవరినీ పిలవలేదు, ఎవరూ బదులు పలకలేదు. ఒకాయన చెయ్యి ఎత్తాడు, రాయి లేచింది. చెయ్యి దించాడు, రాయి గట్టు మీదికి దిగింది. ఇంజినీరు మాట నిలబెట్టుకున్నాడు. సాయంత్రం బండి ఆ కాంక్రీటు పెట్టెల మీదుగా పోయింది, చప్పుడు మారకుండా. ఇప్పుడా రాయి రావిచెట్ల నీడలో వెల్లకిలా ఉంది. గూటిలో వాననీళ్ళు నిలిచాయి. నేను అప్పుడప్పుడు పోయి కూర్చుంటాను. అక్కడ గోడ లేదు. పిలిచినా తిరిగి వచ్చేది ఏమీ లేదు.

అందుకే ఇది రాశాను. చదివే తల్లీ, చదివే నాయనా, మీరెవరో నాకు తెలియదు. ఏ ఊళ్ళో, ఏ వేళలో ఇది మీ చేతికి వచ్చిందో తెలియదు. మా గోష్ఠి నియమం మీకు చెప్పాను, విన్నవాళ్ళే పలకాలి. వంతెన కింద ఒక ముసలివాడు పిలిచిన పిలుపు మీరు ఇప్పుడు విన్నారు. ఆ రాయి కింద పోయినవాడి కోసం, సున్నానికి నీళ్ళు పోసిన చేతుల కోసం, ఆలస్యంగా పలికే ఒక చిన్న గొంతు కోసం, కొండ వైపు తిరగకపోయినా సరే, మనసు అటు తిప్పి, ఒక్కసారి నాతో పాటు ప్రార్థించండి. ముందు మాట నేను పలుకుతున్నాను. రెండోది మీది.

గోవిందా...